గుండ్రని తొట్టిలో నీరెంత పట్టును?



మా ఊరు గుండుగొలను. ఏలూరు నుండి తాడేపల్లిగూడెము పోవు దారిలో, భీమడోలు మండలమున నున్నది. ఊరి పేరులో కొలను ఉన్నది. గుండు అను మాట వినగానే గుండ్రనితనము తోచును. పేరు అట్లే పుట్టినదని నేను వాదింపబోను. అది గ్రామనామములను శోధించు పండితులు తేల్చవలసిన సంగతి. కాని గుండ్రని కొలనని చెవికి ధ్వనించు ఊరిలో పుట్టినవాడొకడు గుండ్రని నూతిలో నీరెంత యున్నదో లెక్కకట్టలేక తలవంచుకొనెననిన వినువారికి నవ్వు వచ్చును గదా. తలవంచుకొన్నవాడను నేనే. ఏండ్ల తరబడి పిల్లలకు లెక్కలు చెప్పినవాడను కూడ నేనే.

సంగతి యిది. ధవళేశ్వరము ఆనకట్ట నుండి వచ్చు కాలువలను వేసవిలో మరమ్మతులకై కట్టివేయుట మన డెల్టావారందరు ఎరిగినదే. ఆ దినములలో మంచినీటి చెరువులు అడుగంటును, కొళాయిలు సన్నగిల్లును, మరచిపోయిన పాత నూతులు మరల జ్ఞాపకమునకు వచ్చును. కొన్ని యేండ్ల క్రిందట అట్టి వేసవిలో మా వీధి నుయ్యియు వాడుకలోనికి వచ్చెను. చాలకాలము ఎవరును చేద వేయని నుయ్యి గనుక బ్లీచింగు పొడి వేసి శుద్ధిచేయవలెనని నలుగురు పెద్దలును తీర్మానించిరి. నూతిలో నీరెంత, దానికి పొడి యెంత అని తేల్చు పని నా మీద బడినది. కొలతలు తీసితిని. నూతి లోపలి వెడల్పు 8 అడుగులు, నీటి లోతు 10 అడుగులు. కాగితము మీద లెక్కవేయగా 3,560 లీటర్లు వచ్చినది. వేయి లీటర్లకు రెండున్నర గ్రాముల చొప్పున సుమారు 9 గ్రాముల పొడి చాలునంటిని. నూతిలోనికి తొంగిచూచి ఒక ముసలమ్మ, “ఇంత నూతికి అంత చిటికెడేనా నాయనా?” అని అడిగినది. లెక్క అట్లే వచ్చినదమ్మా అని గట్టిగా బదులు చెప్పితిని.

మూడు దినములు గడవకముందే ఆ వీధిలో నాలుగిండ్లలో విరేచనములు పట్టుకొన్నవి. ఒక పసిబిడ్డను ఆసుపత్రికి కొనిపోవలసి వచ్చినది. బిడ్డ బ్రతికినది. ఆరోగ్యశాఖ ఉద్యోగి వచ్చి నూతినీటిని చిన్న గాజుగొట్టములో పట్టి, పరీక్షకై ఏదియో మందు చుక్కలు వేసి చూచెను. నీటిలో క్లోరిను మిగిలియున్నచో పసుపుచాయ తిరుగవలెనట. నీరు నీరుగనే యున్నది. ఆయన నా కాగితము అడిగి చూచి, నిందావాక్యము ఒక్కటియు పలుకక, 3,560 అను అంకె క్రింద గీత గీసి, “మాస్టరుగారూ, దీనిని నాలుగుతో గుణింపుడు” అనెను. విరేచనములు ఆ నీటివలననే వచ్చినవని నిశ్చయముగా చెప్పజాలను. వేసవిలో వానికి కారణములు పెక్కు. అయినను ఆ గీత నాకు నేటికిని కనబడుచునే యున్నది. కావున ఈ పూట ఈ లెక్కను మీ యెదుట మొదటినుండి చేసి చూపెదను. రేడియోలో విన్న అంకెలు చెవికి నిలువవు. పుస్తకముగా వచ్చినపుడు నిదానముగా చూచుకొనవచ్చును.

అడుగునను పైనను ఒకే వెడల్పు గలిగి, గుండ్రముగా, నిట్టనిలువుగా నున్న పాత్రను లెక్కల పుస్తకములలో స్తూపము అందురు. ఒరలు దించిన నుయ్యి, ఒరలు పేర్చి కట్టిన నీళ్లతొట్టి, మేడల మీద కనబడు నల్లని ప్లాస్టిక్కు టాంకి, ఊరి మంచినీటి టాంకులలో పెక్కు, ఇవన్నియు ఆ జాతివే. ఇట్టి పాత్రలో ఒక అడుగు లోతున ఎంత నీరున్నదో తెలిసినచో పది అడుగులలో దానికి పది రెట్లుండును. అందులో చిక్కేమియు లేదు. చిక్కంతయు అడుగుభాగపు గుండ్రని చోటు ఎంత విశాలమో తేల్చుటలోనే యున్నది.

నేల మీద ఒక గుండ్రము గీయుడు. దానిని నాలుగు వైపుల తాకునట్లు చుట్టును ఒక చదరము గీయుడు. గుండ్రము వెడల్పు 8 అడుగులైన చదరపు భుజమును 8 అడుగులే. చదరపు వైశాల్యము ఎనిమిది యెనుముల 64 చదరపుటడుగులు. ఆ చదరమును 14 సమభాగములు చేసినచో గుండ్రములోనికి 11 భాగములు వచ్చును, నాలుగు మూలలలోను కలిసి 3 భాగములు పోవును. పదునాలుగింట పదునొకటి. ఈ ఒక్క మాట జ్ఞాపకముంచుకొన్న చాలును.

ఎందువలన పదునొకటి అని అడుగువారుందురు, అడుగవలసినదే. ఇంటిలో పోసిన గుండ్రని అట్టు ఒకటి తీసికొని, నడిమినుండి అంచుదాక పదునారు సమానపు ముక్కలుగా కోయుడు. ఒక ముక్క మొన పైకిని, దాని ప్రక్క ముక్క మొన క్రిందికిని ఉండునట్లు వరుసగా పేర్చుడు. ఇంచుమించు పొడవైన పలక వంటి ఆకారమేర్పడును. ముక్కలు ఎంత సన్నమైన, పలక అంత చక్కబడును. ఆ పలక పొడవు అట్టు చుట్టుకొలతలో సగము. దాని వెడల్పు అట్టు వెడల్పులో సగము. చుట్టుకొలత వెడల్పునకు ఇరువదిరెండు ఏడవ వంతులు, అనగా 22/7 రెట్లు. సగమును సగముతో గుణించితిమి గనుక 22/28, అనగా 11/14 తేలినది. భాస్కరాచార్యుని లీలావతికి 1545లో బుద్ధివిలాసిని యను వ్యాఖ్యను వ్రాసిన గణేశదైవజ్ఞుడు వృత్తమును సూదిమొనల వంటి ముక్కలుగా విడదీసి ఇదే యుక్తిని చూపెను. అట్టు మాత్రము నేను చేర్చినది.

ఇక మా నూతికి వత్తము. 64ను 11చే గుణించి 14చే భాగింపగా 50కి పైచిలుకు చదరపుటడుగులు. నీటి లోతు 10 అడుగులు గనుక సుమారు 503 ఘనపుటడుగులు. ఒక ఘనపుటడుగు నీరు 28.32 లీటర్లు. మొత్తము సుమారు 14,240 లీటర్లు. మీటర్లలో కొలిచినవారికి పని ఇంకను తేలిక: ఒక ఘనపు మీటరు సరిగా వేయి లీటర్లు గనుక వెడల్పును వెడల్పుతో గుణించి, లోతుతో గుణించి, 785తో గుణించిన లీటర్లు వచ్చును. 1956 నాటి చట్టము వలన మెట్రిక్కు కొలతలు వచ్చుటకు పూర్వము గాలన్లలో లెక్కించువారికి ఒక చక్కని సూత్రముండెడిది: అడుగులలో వెడల్పు, మరల వెడల్పు, లోతు, ఈ మూటిని గుణించి 5తో హెచ్చింపవలెను. మా నూతికది 3,200 గాలన్లు చూపును. గాలనుకు 4.546 లీటర్ల చొప్పున 14,547 లీటర్లు. నూటికి రెండు మాత్రమే ఎక్కువ. నోటిలెక్కకు అంతకంటె ఏమి కావలెను?

మరి నాకు 3,560 ఎట్లు వచ్చినది? ఈ లెక్కకు దారులు రెండు. వెడల్పును వెడల్పుతో గుణించి 11/14 తీయుట ఒకటి. వెడల్పులో సగమును దానితోనే గుణించి 22/7తో హెచ్చించుట మరియొకటి. రెండును ఒకే చోటికి చేర్చును. బడిలో పిల్లలకు చెప్పునది రెండవది గనుక నా చేయి అలవాటు చొప్పున 8ని సగము చేసి 4 వేసినది. ఇంటిలో మా తండ్రిగారివద్ద నేర్చినది మొదటిది గనుక నా నోరు 11/14 అన్నది. నాలుగు నాలుగుల 16, అందులో పదునాలుగింట పదునొకటి పండ్రెండున్నర, పది లోతుకు 126 ఘనపుటడుగులు, అనగా 3,560 లీటర్లు. రెండు దారుల నడుమ పడితిని. ఫలితము సరిగా నాలుగవ వంతు. 36 గ్రాముల పొడి వేయవలసిన చోట 9 గ్రాములు వేసితిని. చదరము 64 అయినపుడు గుండ్రము అందులో ముప్పాతికకు కొంచెము పైగా, అనగా 50 ప్రాంతమున ఉండవలెనని ఒక్కసారి తలచుకొన్నచో పండ్రెండున్నర చూడగనే కలము ఆగెడిది. ముసలమ్మ కన్ను చెప్పినది నా కలము చెప్పలేదు.

22/7 అను అంకెను గూర్చి రెండు మాటలు. గుండ్రము చుట్టుకొలత వెడల్పునకెన్ని రెట్లో సంపూర్ణముగా వ్రాయగల భిన్నము లేదని 1761లో లాంబర్టు అను గణితజ్ఞుడు నిరూపించెను. మన ఆర్యభటుడు క్రీ. శ. 499 నాటికే 20,000 వెడల్పునకు 62,832 చుట్టుకొలత అని చెప్పి, అది ఆసన్నము, అనగా దగ్గరి విలువ మాత్రమే యని కూడ హెచ్చరించెను. 1150లో భాస్కరాచార్యుడు సూక్ష్మమునకు 3927/1250, వ్యవహారమునకు 22/7 అని రెండును ఇచ్చెను. అంతకు మూడువందల యేండ్లకు పూర్వము, రాష్ట్రకూట చక్రవర్తి అమోఘవర్షుని కాలమున, మహావీరాచార్యుడు గణితసారసంగ్రహమున స్థూలమునకు 3, సూక్ష్మమునకు 10 యొక్క వర్గమూలము చెప్పెను. ఆ గ్రంథము మన తెనుగువారికి పరాయిది కాదు. పావులూరి మల్లన దానిని సారసంగ్రహ గణితమను పేర తెనుగు చేసెను. పావులూరి గణితమని పెద్దలు చెప్పుకొనునది అదే. మల్లన రాజరాజనరేంద్రుని కాలమువాడని సంప్రదాయము; కాలనిర్ణయమున పండితులకు భేదాభిప్రాయములు గలవు. ఎట్లయినను వేంగి మనకు ఆమడదూరపు మాట కాదు. ఏలూరి చెంతనున్న పెదవేగియే ఆ వేంగి. ఆ వేంగి పేరుతో వెలసిన నాడులో తెనుగున లెక్కలు చెప్పుకొనుట కొత్త సంగతి కాదని చెప్పుటకే ఈ ప్రసక్తి తెచ్చితిని.

ఏ విలువ వాడిన ఎంత తేడా వచ్చునో మా నూతినే అడుగుదము. 3 వాడినచో 640 లీటర్లు తగ్గిపోవును. పది వర్గమూలము వాడినచో 94 లీటర్లు హెచ్చును. 22/7 వాడినచో పదునాలుగు వేల లీటర్లలో హెచ్చునది 6 లీటర్లు, అనగా అర బిందె. కావున ఊరిపనులకు 22/7ను మించినదానికై ప్రాకులాడ నక్కరలేదు. కొలత తీయుటలో మనము చేయు తప్పు దీనికంటె ఎన్నో రెట్లు పెద్దది.

అట్టి తప్పులలో మొదటిది గోడను మరచుట. తొట్టి లోపలికి దిగి కొలుచుటకు బద్ధకించి బయటనే త్రాడు చుట్టి కొలుచుట మనకు అలవాటు. ఒరల తొట్టి ఒకటి చూడుడు. బయట చుట్టుకొలత 11 అడుగులు. దీనిని 7చే గుణించి 22చే భాగింపగా బయటి వెడల్పు మూడున్నర అడుగులు. లోతు 4 అడుగులు. ఇంతటితో లెక్క కట్టినచో సుమారు 1,090 లీటర్లు. కాని ఒర మందము 3 అంగుళములు. ఈ వైపు 3, ఆ వైపు 3, మొత్తము అర అడుగు తీసివేయగా లోపలి వెడల్పు 3 అడుగులే. ఇప్పుడు లెక్క 800 లీటర్లు మాత్రమే. మూడంగుళముల గోడ 290 లీటర్లు మ్రింగినది. నాలుగింట ఒక పాలు కంటె ఎక్కువ. తొట్టి కట్టినవాడు బయటి కొలతతో లెక్కచెప్పి సొమ్ము పుచ్చుకొన్నచో మీరు గోడకు కూడ నీటి వెల ఇచ్చినవారగుదురు. ఇట్టిదే ఇంకొకటి: తొట్టి ఎత్తు వేరు, నీరు నిలుచు ఎత్తు వేరు. పొర్లు గొట్టము అంచునకు అర అడుగు దిగువనున్నచో ఆ అర అడుగు లెక్కలోనికి రాదు. అడుగున కొళాయికి క్రిందుగా నిలిచిపోవు నీరు తొట్టిలో ఉన్నను మనకు దక్కదు.

రెండవ తప్పు మరింత దొడ్డది. చదువుకొన్నవారే ఎక్కువగా చేయుదురు. ఒకసారి మా పెద్దల సమావేశములో ఇట్టి ప్రశ్న వచ్చినది: 6 మీటర్ల వెడల్పు గల టాంకి ఒకటి కట్టుటకు బదులు అదే ఎత్తున 3 మీటర్ల వెడల్పు గలవి రెండు కట్టిన చాలదా? మూడును మూడును ఆరు గదా యని అందరును తలలూపిరి. ఎత్తు 3 మీటర్లని యుంచి లెక్కింతము. ఆరు మీటర్లది సుమారు 84,800 లీటర్లు పట్టును. మూడు మీటర్లది 21,200 మాత్రమే. రెండు కలిసినను 42,400. పెద్దదానికి సరిదూగవలెనన్న చిన్నవి నాలుగు కావలెను. ఎత్తు లెక్కలోనికి ఒక్కసారి వచ్చును, వెడల్పు రెండుసార్లు వచ్చును. వెడల్పు సగమైన నీరు పావు అగును. వెడల్పు కొలుచుటలో నూటికి 5 తప్పిన నీరు నూటికి 10 తప్పును. 2019లో మొదలైన జలజీవన మిషను ప్రకారము మనిషికి దినమునకు 55 లీటర్లు ఇయ్యవలెను. ఆ లెక్కన పెద్ద టాంకి ఒక పర్యాయము నిండినచో 1,540 మందికి ఒక దినము సరిపోవును. చిన్నవి రెండు 770 మందికే. సగము ఊరు బిందెలతో నిలువవలసినదే. ఆ సమావేశములో నేను బల్ల మీద సుద్దముక్కతో పెద్ద గుండ్రమును, దానిలోపల రెండు చిన్న గుండ్రములును గీచి చూపితిని. పైనను క్రిందను ఎంత చోటు ఖాళీగా మిగిలినదో కంటికి కనబడగానే మరి వాదము లేకపోయినది.

పైన వెడల్పుగను అడుగున సన్నముగను ఉండు పాత్రలు కలవు. పశువుల కుడితి గోలెము అట్టిదే. మూతి 1.2 మీటర్లు, అడుగు 0.9 మీటర్లు, లోతు 0.8 మీటరు అనుకొందము. నడిమి వెడల్పు 1.05 తీసికొని లెక్కించిన 693 లీటర్లు వచ్చును. ఇది మోటు లెక్క. లీలావతిలో త్రవ్వకముల లెక్క చెప్పుచు భాస్కరాచార్యుడు సరియైన దారి చూపినాడు: మూతి వైశాల్యము ఒకటి, అడుగు వైశాల్యము ఒకటి, మూతి వెడల్పును అడుగు వెడల్పును కలిపిన వెడల్పు గల గుండ్రపు వైశాల్యము ఒకటి, ఈ మూటిని కూడి 6చే భాగించి లోతుతో గుణింపవలెను. ఆ దారిని పోయిన 697 లీటర్లు. తేడా నాలుగు లీటర్లే గనుక కుడితికి మోటు లెక్క చాలును. మూతి అడుగునకు రెండింతలున్న పాత్రలకు మాత్రము భాస్కరుని మాటయే వినవలెను.

నిలువు పాత్రను పరుండబెట్టినచో కథ మారును. కొల్లేటి ప్రాంతపు చేపల చెరువుల మీద ఇంజనులకు డీజిలు నిలువయుంచు ఇనుప పీపాలు పలుచోట్ల పరుండియే యుండును. నిండిన పీపాలో నూనె యెంతయో పై లెక్కతోనే తెలియును. లోతునకు బదులు పీపా పొడవు వేసికొనవలెను. సగమునకు ఉన్నచో సగము నూనె. కాని పావు లోతున పావు నూనె ఉండదు. పీపా అడుగున ఇరుకు, నడుమ విశాలము, పైన మరల ఇరుకు. వేయి లీటర్ల పీపాలో పుల్ల ముంచగా పదింట ఒక పాలు తడిసినచో అందున్నది 100 కాదు, 52 లీటర్లు. పావు తడిసిన 196. ముప్పావు తడిసిన 804. పదింట తొమ్మిది తడిసిన 948. పావు పీపా నూనె అని 250 లీటర్ల వెల ఇచ్చి పుచ్చుకొన్నవాడు 54 లీటర్ల సొమ్ము పోగొట్టుకొన్నవాడగును.

ఇట్టి అనుమానమే గ్రహముల గతులను కనుగొన్న కెప్లరు మహాశయునికిని వచ్చినది. 1613లో ఆస్ట్రియా దేశపు లింజు నగరమున నివసించుచుండగా ఆయన రెండవ వివాహము చేసికొని ఇంటికి ద్రాక్షసారాయి పీపాలు తెప్పించెను. వర్తకుడు పీపా నడుమనున్న రంధ్రము గుండ ఒక కొలకఱ్ఱను ఏటవాలుగా లోపలి మూలకు దూర్చి, తడిసినంత మేరను చూచి వెల చెప్పెను. ఏ పీపాకైనను ఒకటే కఱ్ఱ, ఒకటే పద్ధతి. పొడవైన పీపాకును పొట్టి పీపాకును ఒకే కఱ్ఱ ఎట్లు సరిపోవునని కెప్లరు ఆశ్చర్యపడి, ఆలోచించి, ఆలోచించి, 1615లో సారాయి పీపాల ఘనపరిమాణమును గూర్చి లాటిను భాషలో ఒక గ్రంథమునే ప్రకటించెను. ఆ దేశపు పీపాల ఆకృతికి ఆ కఱ్ఱ మరీ అన్యాయము చేయదని తేల్చెనట. బేరమాడవలసిన చోట గ్రంథము వ్రాయుట మహానుభావులకే చెల్లును.

లెక్క సరియైనదో కాదో చూచుకొనుటకు మనయింటిలోనే సాధనమున్నది. మీ బిందెలో ఎన్ని లీటర్లు పట్టునో లీటరు సీసాతో పోసి ఒకమారు కొలుచుకొనుడు. 15 లీటర్ల బిందె యైనచో, పైన చెప్పిన 800 లీటర్ల తొట్టి 53 బిందెలకు నిండవలెను. నలువదికే నిండినచో కొలతలో ఎక్కడనో పొరపాటున్నది. లీటరు నీరు కిలో బరువని కూడ మరువరాదు. 800 లీటర్ల తొట్టిని పాత మిద్దె మీదికి ఎక్కించువారు ఎనిమిది బస్తాల వడ్ల కంటె ఎక్కువ బరువును ఒక్కచోట పెట్టుచున్నారని తెలిసికొని పెట్టవలెను.

మరల మా నూతికి. వేయి లీటర్లకు రెండున్నర గ్రాములన్నది మంచి పొడికి, సామాన్యమైన నీటికి చెప్పిన లెక్క. నీటిలో మురికి హెచ్చినకొలది పొడి హెచ్చవలెను. అది ఎంతయో ఆరోగ్యోద్యోగుల వద్దనుండు హారక్సు పరీక్షపెట్టెతో తేలును. మూత తీసి యుంచిన పొడి, చెమ్మ తగిలిన పొడి సత్తువ కోల్పోవును. పొడిని నేరుగ నూతిలో చల్లరాదు. బాల్చీలో కొంచెము నీటితో ముద్దగా కలిపి, తరువాత ముప్పాతిక వరకు నీరు పోసి కలియబెట్టి, ఐదు పది నిమిషములు ఆగినచో సున్నము అడుగునకు దిగును. పై తేటను వేరొక బాల్చీలోనికి వంచుకొని, దానిని చేదతో నూతిలోనికి దించి, నీటి లోపల పైకిని క్రిందికిని ఆడింపవలెను. అడుగు సున్నమును నూతిలో పోసిన నీరు కఠినమగును. తరువాత ఒక గంటసేపు ఎవరును నీరు తోడరాదు. ఆ గంట గడచిన పిదప లీటరుకు అర మిల్లీగ్రాము క్లోరిను మిగిలియుండవలెను. గాజుగొట్టములో పసుపుచాయ వచ్చునది అప్పుడే.

నీటి లోతు దినదినము మారునుగాని నూతి వెడల్పు మారదు. కావున ఆ వేసవిలోనే నూతి గోడ లోపలివైపున తెల్లరంగుతో “అడుగునకు 1,424 లీటర్లు” అని వ్రాయించితిమి. దాని క్రింద “మూడున్నర గ్రాములు” అని ఉన్నది. అడుగున కొక ముడి వేసిన త్రాడు, చివర ఒక రాయి, ఈ రెండును ప్రక్కనున్న కొక్కెమునకు వ్రేలాడుచుండును. ఆదివారము ఉదయమున ఎవరో ఒకరు త్రాడు దించి తడిసిన ముళ్లు లెక్కపెట్టుదురు. పోయిన వేసవిలో తడిసినవి ఏడు ముళ్లు. 25 గ్రాములు వేసితిమి.